తెల్ల ఎలుకల చూపు ప్రయోగానికి ఏ ఎల్‌ఈడీలు కొనాలి, నైతిక కమిటీకి ఏం రాయాలి

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. గుంటూరు దగ్గర కాలేజీలో ఎమ్మెస్సీ ప్రాజెక్టు. విస్టార్ జాతి తెల్ల ఎలుకలు 12. రెండు గుమ్మాల అక్రిలిక్ పెట్టె, ఒక్కో గుమ్మం మీద ఆర్‌జీబీ ఎల్‌ఈడీ స్ట్రిప్ ముక్క, ఆర్డ్యూనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు, 12 వోల్టుల అడాప్టర్. నీలం, ఆకుపచ్చ, ఎరుపు మూడింటినీ లక్స్ మీటరుతో 200 లక్స్‌కి సమానం చేశారు. చీకట్లో గమనించడానికి ఎర్ర బల్బు పెట్టారు. ఎలుక రంగుల తేడా పడుతుందా అన్నది తేల్చాలి. సంస్థ జంతు నైతిక కమిటీ మాత్రం "వెలుతురు వల్ల జంతువుకు కలిగే ఇబ్బంది వివరించండి" అంటూ ఫారం వెనక్కి పంపింది. ఆ తర్వాత ఇదే పెట్టెలో నాటుకోళ్లనూ చూద్దామనుకుంటున్నారు.

ఫారం వెనక్కి రావడం మంచికే జరిగింది. ఈ సామానుతో మొదలుపెట్టి ఉంటే ఎలుకలు నెలల తరబడి పనిచేసేవి, ఫలితం మాత్రం దేనికీ పనికొచ్చేది కాదు. జంతువును కష్టపెట్టి తప్పు సమాధానం తెచ్చుకోవడం కంటే పెద్ద అన్యాయం ఈ పనిలో లేదు. కమిటీ అడిగిన ప్రశ్నకీ, ఏ ఎల్‌ఈడీ కొనాలన్న మీ ప్రశ్నకీ జవాబు ఒకే చోట ఉంది: ఆ జంతువు కంటి దగ్గర, ఆ కన్ను పట్టుకునే తరంగదైర్ఘ్యంలో, ఎంత వెలుతురు పడుతోంది?

ముందు లక్స్ సంగతి చూద్దాం. లక్స్ అనేది మనిషి కంటికి కట్టిన కొలత. 555 నానోమీటర్ల దగ్గర మన కన్ను బాగా చూస్తుంది కాబట్టి మీటరు అక్కడి వెలుతురుకి ఎక్కువ మార్కులు, నీలానికీ ఎరుపుకీ తక్కువ మార్కులు వేస్తుంది. ఎలుక కంట్లో ఉన్న కోన్లు, అంటే రంగును పట్టే కణాలు, రెండే రకాలు. ఒకటి 510 దగ్గర, రెండోది 360 దగ్గర, అంటే మన కంటికి కనిపించని అతినీలలోహితంలో (యూవీ), గరిష్ఠంగా స్పందిస్తాయి. ఎలుక జాతుల్లో ఈ యూవీ కోన్ ఉందని 1991లో జెరాల్డ్ జాకబ్స్ బృందం చూపించింది. మసక వెలుతురులో చూసే కణాలైన రాడ్లు 500 దగ్గర. మనకున్న ఎరుపు వైపు కోన్ దానికి లేనే లేదు.

ఇప్పుడు మీ 200 లక్స్‌ని ఎలుక కంటితో లెక్కేద్దాం. మామూలు ఆర్‌జీబీ స్ట్రిప్‌లో నీలం 465, ఆకుపచ్చ 525, ఎరుపు 630 నానోమీటర్ల చుట్టుపక్కల ఉంటాయి. మూడూ మీటరులో 200 చూపించాయంటే, నీలంలో ఫోటాన్లు, అంటే కాంతి రేణువులు, ఆకుపచ్చ కంటే దాదాపు తొమ్మిది రెట్లు ఎక్కువ పడుతున్నట్టు. ఎలుక 510 కోన్ ఈ రెండింటినీ పట్టుకుంటుంది, నీలాన్ని కొంచెం తక్కువగా. ఆ తేడా తీసేసినా నీలం గుమ్మం దానికి ఐదారు రెట్లు కాంతివంతంగా కనిపిస్తుంది. ఎరుపు గుమ్మమేమో ఆకుపచ్చతో పోలిస్తే ముప్పై నలభై రెట్లు మసకగా ఉంటుంది. సరైన గుమ్మాన్ని ఎంచుకోవడం ఎలుక మూడు రోజుల్లో నేర్చేసుకుంటుంది, మీరు "రంగు గుర్తుపట్టింది" అని రాసేస్తారు. అది గుర్తుపట్టింది వెలుగు ఎక్కువా తక్కువా అన్నది ఒక్కటే.

ఇంకో చిక్కు ఉంది. ఈ మూడు రంగుల్లో ఏదీ యూవీ కోన్‌ని చెప్పుకోదగ్గంతగా కదిలించదు. ఒకే రకం కోన్ పనిచేస్తున్నప్పుడు రంగు అనే మాటే పుట్టదు. రెండు రకాలు ఒకదానితో ఒకటి పోల్చుకుంటేనే రంగు. కాబట్టి ఎంత జాగ్రత్తగా కాంతిని సమానం చేసినా ఆర్‌జీబీ స్ట్రిప్‌తో ఎలుక రంగు చూపు ప్రయోగం కుదరదు. తెల్ల ఎల్‌ఈడీతోనూ అంతే. దాని లోపల ఉండేది 450 నీలం చిప్పు, పైన పసుపు ఫాస్ఫర్ పూత. యూవీ దాదాపు సున్నా.

మీకు కావలసినవి రెండే: 365 నానోమీటర్ల యూవీ ఎల్‌ఈడీ, 520–525 ఆకుపచ్చ ఎల్‌ఈడీ. ఒక్కో గుమ్మానికి రెండూ ఉండాలి, అంటే మొత్తం నాలుగు, పైన రెండు స్పేరు. 1 వాట్ రకం, అల్యూమినియం స్టార్ ప్లేటు మీద అతికించినవి తీసుకోండి. కొనేటప్పుడు మోసపోయేది యూవీ దగ్గరే. పెళ్లి డెకరేషన్‌కీ, నోట్లు చూసే టార్చిలకీ వాడే చవక యూవీ పూసలు చాలావరకు 395–400 రకం. చీటీ మీద 365 అని ఉన్నా లోపల 395 ఉండొచ్చు. ఊదాగా బాగా వెలుగుతోందంటే అనుమానించండి. అలా అని కంటితో చూసి తేల్చుకోబోకండి. డేటాషీట్ ఇచ్చే కంపెనీ సరుకు తెప్పించుకోండి, వచ్చాక స్పెక్ట్రోమీటరు కింద పెట్టండి. డేటాషీట్‌లో "డామినెంట్" తరంగదైర్ఘ్యం వేరు, "పీక్" వేరు. డామినెంట్ అన్నది మనిషి కంటికి ఏ రంగులా కనిపిస్తుందో చెప్పే లెక్క. మీకు కావలసింది పీక్, అంటే అన్నిటికంటే ఎక్కువ కాంతి వచ్చే తరంగదైర్ఘ్యం, దానితోపాటు ఆ శిఖరానికి సగం ఎత్తు దగ్గర వెడల్పు. ఆకుపచ్చకి ఆ వెడల్పు 30–35 నానోమీటర్లు ఉండటం మామూలే.

స్పెక్ట్రోమీటరు మీ విభాగంలో లేకపోతే నాగార్జున యూనివర్సిటీ వైపు గానీ, విజయవాడ ఇంజనీరింగ్ కాలేజీల్లో గానీ ఫిజిక్స్ వాళ్లను ఒక పూట అడగండి. దాంతోపాటు 365 దగ్గర కాలిబ్రేట్ అయిన ఆప్టికల్ పవర్ మీటరు కూడా కావాలి. యూవీ దగ్గర లక్స్ మీటరు సున్నా చూపిస్తుంది. ఫోన్ యాప్ సంగతి చెప్పక్కర్లేదు.

పవర్ మీటరు ఇచ్చేది వాట్లు. వాటిని ఫోటాన్లలోకి మార్చుకోవాలి, ఎందుకంటే కోన్ లెక్కపెట్టేది ఫోటాన్లనే. సూత్రం తేలిక: వాట్లను నానోమీటర్లతో గుణించి, మళ్లీ 5.03 × 10¹⁵ తో గుణిస్తే సెకనుకు ఫోటాన్లు వస్తాయి. 1 మిల్లీవాట్ 365 దగ్గర సుమారు 1.8 × 10¹⁵ ఫోటాన్లు, 520 దగ్గర సుమారు 2.6 × 10¹⁵.

ఇక ఎంత వెలుతురు పెట్టాలి? ఎలుక కన్ను ఉండే ఎత్తులో, అంటే నేల నుంచి 4–5 సెంటీమీటర్ల పైన, గుమ్మం వైపు తిప్పి కొలిస్తే యూవీ గరిష్ఠంగా చదరపు మీటరుకు 0.1 వాట్, ఆకుపచ్చ 0.018 వాట్ చాలు. ఈ నిష్పత్తి ఊరికే రాలేదు. 510 కోన్ స్పందనకి యూవీలో కూడా ఒక చిన్న గుట్ట ఉంటుంది. 365 ఫోటాన్లలో సుమారు నాలుగో వంతు మేరకు అది స్పందిస్తుంది. అందుకే యూవీ ఫోటాన్లు ఆకుపచ్చ కంటే నాలుగు రెట్లు ఉంటే 510 కోన్‌కి రెండు గుమ్మాలూ దాదాపు సమానంగా కనిపిస్తాయి, తేడా అంతా యూవీ కోన్‌లోనే మిగులుతుంది. పై అంకెలు ఆ లెక్కతో వచ్చినవి. ఆ ఆకుపచ్చ మన కంటికి 9–10 లక్స్‌లా ఉంటుంది. మీ 200 లక్స్‌తో పోల్చి చూడండి.

దాదాపు సమానం అన్నాను గానీ, సరిగ్గా సమానం ఎవరూ చేయలేరు. అందుకని సమానం చేయడం మీద ఆధారపడకుండా, కాంతిని మార్చుతూ పోవాలి. ఒక్కో రంగుకీ నాలుగు మెట్లు: పూర్తి, సగం, పావు, అరపావు. ప్రతిసారీ ఏ మెట్టు అన్నది చీటీ తీసినట్టు ముందే నిర్ణయించిన వరుసలో మారుతుంది. అప్పుడు ఒక్కోసారి యూవీ గుమ్మం ఎక్కువ కాంతిగా, ఒక్కోసారి ఆకుపచ్చ గుమ్మం ఎక్కువ కాంతిగా ఉంటుంది. వెలుగును నమ్ముకున్న ఎలుక తప్పుతుంది, రంగును పట్టుకున్న ఎలుక నిలుస్తుంది.

ఈ మెట్లను కరెంటు తగ్గించి తేవద్దు. కరెంటు మారితే ఆకుపచ్చ, నీలం ఎల్‌ఈడీల పీక్ కూడా కొన్ని నానోమీటర్లు జరుగుతుంది. ఫోటోగ్రఫీ వాళ్ల బూడిద రంగు ప్లాస్టిక్ ఫిల్టర్లు యూవీలో వేరేగా ప్రవర్తిస్తాయి. అన్నిటికంటే నమ్మకమైంది స్టీలు జాలీ. టీ వడకట్టే జల్లెడలో ఉండేలాంటి సన్న తీగల జాలీ కాంతిని తీగల మధ్య ఖాళీని బట్టి ఆపుతుంది, రంగును బట్టి ఆపదు. ముక్కను ఎల్‌ఈడీకీ, వెలుతురును సమంగా పరిచే డిఫ్యూజరుకీ మధ్య పెట్టండి. రెండు పొరలు వేస్తే కచ్చితంగా పావు అవుతుందనుకోకండి. తీగలు ఒకదాని మీద ఒకటి పడే తీరును బట్టి మారుతుంది. ఒక్కో ముక్కనీ కొలిచి, దాని మీద అంకె రాసుకోండి.

ఎల్‌ఈడీకి స్థిరమైన కరెంటు ఇచ్చే డ్రైవర్ విషయంలో నా సలహా ఎల్‌ఎం317 రెగ్యులేటరు చిప్పు. దాని అవుట్‌పుట్, అడ్జస్ట్ కాళ్ల మధ్య 12 ఓమ్‌ల రెసిస్టర్ పెడితే 1.25 వోల్టులను 12తో భాగించగా 104 మిల్లీయాంపులు, స్థిరంగా. పావు వాట్ రెసిస్టర్ సరిపోతుంది. 12 వోల్టుల సప్లై, యూవీ ఎల్‌ఈడీ మీద 3.6 వోల్టులు పోగా రెగ్యులేటరు మీద ముప్పావు వాట్ వేడి పుడుతుంది. చిన్న అల్యూమినియం హీట్‌సింక్ తప్పనిసరి. సప్లైకి యూపీఎస్‌లో వాడే 12 వోల్టుల 7 యాంపియర్-అవర్ బ్యాటరీ పెట్టండి. కరెంటు పోయినా, వోల్టేజి ఎగిరినా ప్రయోగం కదలదు. దాని కంటే పెద్ద లాభం నిశ్శబ్దం. స్విచ్చింగ్ అడాప్టర్లు మనకు వినపడని పౌనఃపున్యంలో కూస్తుంటాయి. ఎలుక 80 కిలోహెర్ట్జ్ దాకా వింటుంది. రెండు అడాప్టర్లు రెండు శ్రుతుల్లో కూస్తుంటే, ఎలుక దీపం వైపు చూడనవసరమే లేదు. రిలే టిక్కుమన్న చప్పుడూ ఇంతే. ఆర్డ్యూనో వాడొచ్చు, కానీ దీపాన్ని వెలిగించి ఆర్పడానికి వద్దు, తెర కదిపే మోటారుకి వాడండి.

దీపాలు నాలుగూ మొదటి నుంచి చివరి దాకా వెలుగుతూనే ఉండాలి, వాటి ముందున్న అట్ట తెరలే కదలాలి. ఎల్‌ఈడీ వెలిగిన తొలి పావుగంట, ఇరవై నిమిషాలు వేడెక్కుతూ కాంతి మారుతుంది. మే నెలలో మన దగ్గర ల్యాబ్ ఏసీ ఆగిపోతే గది 40 దాటుతుంది. ఎర్ర ఎల్‌ఈడీలు, పసుపు ఎల్‌ఈడీలు ఆ వేడికి చాలా మసకబారతాయి. ఆకుపచ్చ, యూవీ తక్కువే గానీ అసలు మారకుండా ఉండవు. స్టార్ ప్లేటు మీద వేడి కొలిచే చిన్న థర్మిస్టర్ అతికించి ప్రతి సెషన్ మొదట్లో, చివర్లో రాసుకోండి. తెరలు కదిపేటప్పుడు ప్రతిసారీ రెండు వైపులవీ కదలాలి. ఏ వైపు మోటారు మోగిందో విని నేర్చుకునే అవకాశం అప్పుడు ఉండదు.

ఇక పెట్టె. ఇదే అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచేది, ఎందుకంటే మన కంటికి తప్పు కనిపించదు. మార్కెట్లో దొరికే అక్రిలిక్ షీటులో చాలావాటికి యూవీని పీల్చే మందు కలిపి ఉంటుంది. పాలీకార్బొనేట్ అయితే 365ని పూర్తిగా ఆపేస్తుంది. మీ గుమ్మం ముందు పారదర్శకంగా కనిపించే ఆ పలక ఎలుకకు యూవీలో నల్ల గోడ. దాని బదులు 3–4 మిల్లీమీటర్ల మామూలు కిటికీ గాజు వేయండి, 365ని బాగానే వదులుతుంది. డిఫ్యూజర్‌గా పాలరంగు అక్రిలిక్ కూడా అంతే, పనికిరాదు. నల్లాలకు చుట్టే తెల్ల టెఫ్లాన్ టేపు ఆరేడు పొరలు గాజు మీద ముడతల్లేకుండా పరిస్తే యూవీ, ఆకుపచ్చ రెండూ సమంగా పరుచుకుంటాయి. ఆ వెలిగే బిళ్ల 4–5 సెంటీమీటర్ల వ్యాసానికి తగ్గకూడదు. తెల్ల ఎలుక చూపు చాలా మసక. చూపు కోణంలో ఒక డిగ్రీకి నలుపు-తెలుపు చారల జతలో సగం మించి అది విడదీయలేదు. అంటే 30 సెంటీమీటర్ల దూరం నుంచి సెంటీమీటరు లోపు వివరాలు దానికి కలిసిపోతాయి.

లోపలి గోడలకు తెల్ల పెయింటు వేశానన్నారు. మామూలు తెల్ల పెయింటులో ఉండే టైటానియం డయాక్సైడ్ యూవీని మింగేస్తుంది. అది పర్వాలేదు, నష్టం లేదు. కానీ కింద పరిచిన తెల్ల కాగితం తీసేయండి. కాగితానికీ, సబ్బు పొడితో ఉతికిన గుడ్డకీ తెల్లదనం కోసం కలిపే రసాయనం యూవీ తగలగానే నీలంగా మెరుస్తుంది. అప్పుడు యూవీ గుమ్మం ముందు నేల మీద ఎలుకకు స్పష్టంగా కనిపించే నీలి మడుగు ఒకటి తయారవుతుంది. ఎలుక మూత్రం కూడా యూవీలో మెరుస్తుంది, వాసన సరేసరి. ప్రతి ఎలుకకీ మధ్య 70 శాతం ఆల్కహాలుతో తుడిచి, ఆరనిచ్చి, అప్పుడు తర్వాతిదాన్ని దించండి.

ఎర్ర బల్బు మాట. "ఎలుకకు ఎరుపు కనిపించదు" అన్నది ప్రతి ల్యాబులో వినిపించే మాట, సగమే నిజం. 630 దగ్గర దాని రాడ్లు, కోన్లు గరిష్ఠ స్పందనలో వందల్లో ఒక వంతు మాత్రమే స్పందిస్తాయి. అయితే రాడ్ ఒక్క ఫోటాన్‌కి కూడా స్పందించేంత సున్నితమైంది. వందల వంతు తగ్గినా, మీరు పుస్తకం చదవగలిగేంత ఎర్ర వెలుతురు ఉంటే చీకటికి అలవాటుపడిన ఎలుకకు మీరు కనిపిస్తారు. దాని రాత్రి కూడా చెడుతుంది. 940 నానోమీటర్ల ఇన్‌ఫ్రారెడ్ ఎల్‌ఈడీలు, ఇన్‌ఫ్రారెడ్ ఫిల్టరు తీసేసిన చిన్న కెమెరా పెట్టుకోండి. 850 రకం కెమెరాకి ఎక్కువ వెలుతురిస్తుంది గానీ మనకే మసక ఎర్రగా కనిపిస్తుంది. ఇక్కడ 940 మేలు.

ఇప్పుడు అసలు విషయం. తెల్ల ఎలుక కంట్లో రంగు పొర లేదు. కనుపాప చుట్టూ ఉండే వలయానికి (ఐరిస్), రెటీనా వెనక పొరకి ఉండాల్సిన నలుపు లేకపోవడంతో వెలుతురు అన్ని వైపుల నుంచీ లోపలికి దూరిపోతుంది. ఆపకుండా వెలుతురులో ఉంచితే ఎలుకల రెటీనా దెబ్బతింటుందని వెర్నర్ నోయెల్ 1966లోనే చూపించారు. ఒళ్లు వేడెక్కి ఉంటే ఆ నష్టం పెరుగుతుందని కూడా. వేసవిలో ఇది మనకు పుస్తకం మాట కాదు. గదిలో 1 మీటరు ఎత్తున 325 లక్స్ అన్నది జంతుగృహాలకు అందరూ వాడే అంకె. అది పనివాళ్లకు చాలినంత, తెల్ల ఎలుకల కంటికి హాని చేయనంత అని చెబుతారు. ఎలుక హాయిగా ఉండేది దానికి ఎంతో తక్కువలో. పై వరుస పంజరాలకు దీపం దగ్గరగా ఉంటుంది, కింది వరుసకి చీకటి. ప్రయోగానికి తీసుకునే ఎలుకలన్నీ మధ్య, కింది వరుసల్లోనే ఉంచండి, ప్రతి పంజరంలో దాక్కోవడానికి గొట్టమో మట్టి కుండ ముక్కో పెట్టండి.

12 గంటల వెలుగు, 12 గంటల చీకటి పెట్టే చవక టైమరు కరెంటు పోయినంతసేపూ ఆగిపోతుంది. రోజుకు గంట కోత పడితే వారంలో ఎలుకల రాత్రి ఏడు గంటలు జరిగిపోతుంది. లోపల బ్యాటరీ ఉన్న డిజిటల్ టైమరు కొనండి. రాత్రి వాచ్‌మన్ ట్యూబులైటు వేసి చూడకుండా స్విచ్ మీద కాగితం అతికించండి. ఎలుకలు చీకట్లో చురుకైనవి కాబట్టి వాటి వెలుగు-చీకటి చక్రాన్ని తిరగేసి, రెండు వారాలు అలవాటుపడనిచ్చి, వాటి రాత్రిలో, మీ పగట్లో పరీక్షించండి.

నిజం చెప్పాలంటే చూపు ప్రయోగానికి విస్టార్ సరైన ఎలుక కాదు. నల్ల తల ఉన్న లాంగ్-ఎవాన్స్ జాతి చూపు దీనికి రెట్టింపు ఉంటుంది, రెటీనా కూడా అంత సులువుగా పాడవదు. ఉన్నవి కాబట్టి విస్టార్‌తో చేస్తాను అన్నది కమిటీ ముందు నిలబడే కారణం కాదు.

ఎన్ని జంతువులు? 12 అక్కర్లేదు, 6 చాలు. ఇందులో ఒక్కో ఎలుకా సొంతంగా ఒక ప్రయోగం. 20 సార్లలో 15 గానీ అంతకంటే ఎక్కువ గానీ సార్లు సరైన గుమ్మానికి వెళ్లడం కేవలం అదృష్టం వల్ల జరిగే అవకాశం నూటికి రెండు. వరుసగా రెండు రోజులు 15 దాటితే నేర్చుకున్నట్టు రాసుకోండి. కుడి, ఎడమ వరుస ముందే కాగితం మీద వేసుకోవాలి. ఒకే వైపు మూడుసార్లకు మించి వరుసగా రాకూడదు. చివర్లో తప్పనిసరిగా చేయాల్సిన పరీక్ష ఒకటుంది: ఎల్‌ఈడీల మీద నల్ల టేపు వేసి, మోటార్లు, వాసనలు, వేడి, మీ నడక, అన్నీ మామూలుగానే ఉంచి 20 సార్లు నడపండి. ఫలితం 10 దగ్గరకి పడిపోవాలి. 14, 15 వచ్చిందంటే ఇంతవరకూ రాసుకున్నదంతా పక్కన పెట్టాల్సిందే.

నీళ్లు మాన్పించి దాహంతో పని చేయిస్తానని రాశారు. అది తీసేయండి. తిండి, నీళ్లు మామూలుగా ఉంచి, సరైన గుమ్మం దగ్గర 0.1 మిల్లీలీటరు పంచదార పాలు ఇవ్వండి. నేర్చుకోవడం నాలుగు రోజులు ఆలస్యమవుతుంది, అంతే. 20 సార్లకు మొత్తం 2 మిల్లీలీటర్లు. తప్పు గుమ్మం దగ్గర కూడా పాల చుక్క అందని చోట ఉంచండి, లేకపోతే ముక్కుతో గెలుస్తుంది. తప్పు చేస్తే షాక్ అన్న ఊసే వద్దు.

కమిటీ ఫారంలో ఇవన్నీ అంకెలతో రాయండి. "తక్కువ తీవ్రత గల ఎల్‌ఈడీ కాంతి" అన్న వాక్యానికి అర్థం లేదు. పీక్ 365, 522 అని మీరు కొలిచిన అంకెలు, కంటి ఎత్తులో చదరపు మీటరుకు ఎన్ని వాట్లు, ఎన్ని ఫోటాన్లు, ఏ మీటరుతో కొలిచారు, రోజుకు ఎన్ని నిమిషాలు, మధ్యలో విశ్రాంతి ఎంత, ఇవి రాయాలి. మనుషుల కంటికి యూవీ-ఏ విషయంలో చాలాసేపు పని చేసేటప్పుడు చదరపు మీటరుకు 10 వాట్లు దాటకూడదన్న పరిమితి ఉంది. మీరు దానిలో నూరో వంతులో ఉన్నారని రాయొచ్చు. అక్కడితో ఆపకండి. మన కటకం యూవీని ఆపుతుంది, ఎలుక కటకం లోపలికి వదిలేస్తుంది. కాబట్టి మన పరిమితి దానికి రక్షణ కాదని కూడా మీరే రాయండి. పనిచేసేటప్పుడు మీరూ పాలీకార్బొనేట్ కళ్లజోడు పెట్టుకోండి.

ఎప్పుడు ఆపేస్తారో కూడా ముందే రాయాలి. ఎలుక కంటి లోపలి మూల దగ్గర, ముక్కు చివర ఎర్రగా ఎండిన మరక కనిపిస్తే చాలామంది రక్తం అనుకుంటారు. అది కంటి వెనక గ్రంథి నుంచి వచ్చే పోర్ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం, ఒత్తిడికీ జబ్బుకీ తొలి గుర్తు. తడి దూదితో తుడిచి చూసి, మర్నాడు మళ్లీ కనిపిస్తే ఆ ఎలుకను ప్రయోగం నుంచి తీసేయండి. కళ్లు చికిలించడం, కంటి మీద తెల్లని మబ్బు, బరువు తగ్గడం, పెట్టెలో దించగానే నిమిషం పాటు బిగుసుకుపోవడం, ఇవి కూడా. మొదట్లో ఒకసారి, ముగిశాక ఒకసారి పశువైద్యుల చేత కళ్లు పరీక్ష చేయించండి. గన్నవరం పశువైద్య కళాశాల మీకు దూరం కాదు.

చట్టం సంగతి. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, దాని కింద 1998 నియమాలు, మునుపు సీపీసీఎస్ఈఏ అని, ఇప్పుడు సీసీఎస్ఈఏ అని పిలిచే, జంతు ప్రయోగాలను పర్యవేక్షించే కేంద్ర కమిటీ, మీ సంస్థలోని నైతిక కమిటీ, అనుమతి కోరే ఫారం బి, ఇవి మీకు తెలిసినవే. ఆ చట్టంలోని 17వ సెక్షన్ మాత్రం ఒకసారి స్వయంగా చదవండి. వేరే మార్గంతో సరిపోయే చోట జంతువుల మీద ప్రయోగం మానాలనీ, కేవలం చేతి నైపుణ్యం కోసం చేయకూడదనీ అందులో ఉంది. ఎలుకకు యూవీ, ఆకుపచ్చల తేడా తెలుస్తుందన్నది ఇప్పటికే తేలిన సంగతి. దాన్ని ఎమ్మెస్సీ కోసం మళ్లీ చేయడానికి మీ దగ్గర కొత్త ప్రశ్న ఏదో ఉండాలి. ఉదాహరణకు, జంతుగృహంలో తెల్ల ఎల్‌ఈడీ బదులు యూవీ కొంచెం కలిసిన దీపం పెడితే ఎలుకలు ఎటు వైపు పంజరం ఎంచుకుంటాయి? ఇందులో శిక్షణ లేదు, ఆకలి లేదు, ఫలితం వాటికే పనికొస్తుంది. మీ సామాను మొత్తం దీనికి సరిపోతుంది.

కొత్త ప్రశ్న దొరక్కపోతే తేనెటీగల వైపు వెళ్లమంటాను. కార్ల్ వాన్ ఫ్రిష్ వందేళ్ల కిందట బూడిద రంగు కార్డుల మధ్య ఒక నీలం కార్డు పెట్టి, పంచదార నీళ్లతో తేనెటీగకు రంగు తెలుసని నిరూపించారు. 1973లో ఆయనకు నోబెల్ వచ్చింది. తేనెటీగ కన్ను 344, 436, 544 దగ్గర స్పందిస్తుంది, 365 ఎల్‌ఈడీని బాగా చూస్తుంది. అది తనంతట తానే వచ్చి, తాగి, గూటికి ఎగిరిపోతుంది. గుంటూరు చుట్టుపక్కల తేనెపెట్టెలు పెట్టే రైతులు ఉన్నారు. వారి అనుమతితో పొలం గట్టు మీదే చేసుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త, వాటికి మనకు తెలియనంత వేగమైన మినుకులు కూడా తెలుస్తాయి. ఎల్‌ఎం317, బ్యాటరీ కాంబినేషన్ అక్కడ కూడా సరిగ్గా సరిపోతుంది.

నాటుకోళ్ల గురించి చివరగా. కోడికి నాలుగు రకాల కోన్లు, సుమారు 415, 455, 508, 571 దగ్గర. ఎరుపు దానికి బ్రహ్మాండంగా కనిపిస్తుంది, కాబట్టి పై లెక్క ఏదీ దానికి పనికిరాదు, మళ్లీ మొదటి నుంచి వేయాలి. మినుకు మరీ ముఖ్యం. వెలుతురు బాగా ఉంటే కోడి సెకనుకు 80–90 మినుకులు విడివిడిగా చూస్తుంది, కొన్ని కోళ్లు ఇంకా పైకి వెళతాయి. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద నడిచే చవక బల్బు సెకనుకు 100 సార్లు మినుకుతుంది, ఆ అంచుకు మరీ దగ్గర. ఫోన్‌లో 240 ఫ్రేముల స్లోమోషన్ తీసి చూడండి. నల్ల చారలు పాకుతూ కనిపిస్తే ఆ బల్బు కోళ్ల గదిలో కూడా ఉండకూడదు, ప్రయోగం సంగతి చెప్పక్కర్లేదు. ఎలుకల పెట్టెలో కోడిని దించకండి. ఎలుక వాసన, ఇరుకు, చీకటి, మూడూ దానికి భయమే. దాని పెరట్లోనే, గింజలు చల్లిన రెండు గిన్నెల ముందు చేయొచ్చు.

ఫారంలో చివరి గడి, ప్రయోగం తర్వాత జంతువులు ఏమవుతాయి అన్నది, ఖాళీగా వదిలారు. కళ్లు బాగున్నాయని పశువైద్యులు రాసిచ్చిన ఎలుకలను జంతుగృహంలో ఎవరి బాధ్యతలో, ఎంతకాలం ఉంచుతారో, ఆ వ్యక్తి హోదాతో సహా అక్కడ రాయండి. ఎల్‌ఈడీలకు ఆర్డరు ఆ తర్వాతే పెట్టండి.